వెనక వరుసలో తుపాకీ

పెళ్ళాం మీద నిఘా పెట్టాలన్న ఆలోచన ఫిరంగికి కళ్ళజోళ్ళ దుకాణంలో, ఒక ముసలాయన చూపు పరీక్షిస్తుండగా వచ్చింది.

"కింది వరుస చూసి చదవండి," అన్నాడు ఫిరంగి.

"నేను ఏ వరుస చూస్తున్నానో నీకెలా తెలుస్తుంది నాయనా?" అన్నాడు ముసలాయన.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా! రోజూ సాయంత్రం పక్కన కూర్చుని టీవీ చూసే తన పెళ్ళాం, ఆ టీవీలో ఏం చూస్తోందో తనకెలా తెలుసు?

ఫిరంగి అనేది వీధిలోవాళ్ళు పెట్టిన పేరు. నిజానికి అతను జన్మలో ఒక్క తుపాకీ కూడా పేల్చి ఎరగడు. వయసులో ఉండగా సైన్యంలో చేరదామని వెళ్తే, పాదాలు మరీ చదునుగా ఉన్నాయని గుమ్మంలోంచే తిప్పి పంపేశారు. తన పాదాలు చూశారే గాని తన గురి చూడలేదని అతని బాధ. గురి కూడా చూసి ఉంటే గేటు దాకా కూడా రానిచ్చేవాళ్ళు కాదని అతని భార్య అభిప్రాయం.

సైన్యం వద్దన్న మనిషి వెళ్ళి సినిమాల మీద పడ్డాడు. యుద్ధం సినిమా అయితే చాలు, కొత్తదా పాతదా అని చూడడు. హీరోని చూడడు, హీరోయిన్‌ని చూడడు, కథ అసలే పట్టదు. చేతుల్లో ఉన్న తుపాకులు మాత్రం చూస్తాడు. చూసి ఊరుకుంటే బాగానే ఉండును.

"ఆపు, ఆపు!" అని తనే ఆపేస్తాడు. "చూశావా? ఈ తుపాకీ ఆ యుద్ధం అయిపోయిన పదేళ్ళకి గాని పుట్టలేదు."

"పాపం, నెల తక్కువ పిల్ల కాబోలు," అంటుంది ఆమె.

"నవ్వులాట కాదు. అందులో పట్టేవి అయిదు తూటాలు. వీడు గుక్క తిప్పుకోకుండా పాతిక పేల్చాడు."

"హీరో కదండీ. మిగతావి ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుని ఉంటాడు."

"పోనీ, నడుం దగ్గర పెట్టి, గురి చూడకుండా, గుట్ట మీదున్నవాణ్ణి కొట్టాడే! ఎలా తగులుతుంది?"

"మీరు రెండు కళ్ళూ పెట్టి చూసి విసిరిన కాగితం చెత్తబుట్టలో పడదు. వాడే నయం."

గది మూల పడక కుర్చీలో ఆమె తల్లి కూర్చుని ఉంటుంది. ఆవిడకి వినపడేది తక్కువ, అడిగేది ఎక్కువ. "అల్లుడుగారు ఏమంటున్నారే?" అంటుంది.

"తుపాకీ తప్పట అమ్మా."

"తప్పయితే మార్చుకు రమ్మను. రెండు రోజుల్లో తీసుకెళ్తే షాపువాడు మార్చి ఇస్తాడు."

ఇన్ని చెణుకులు పడినా ఫిరంగికి లోపల గర్వంగానే ఉండేది. వీధి మొత్తం మీద మొగుడి పక్కన కూర్చుని యుద్ధం సినిమా చివరి దాకా చూసే ఆడది తన ఇంట్లోనే ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఆమె మాట కలిపేది కాదు. వెనకాల గుంపులో ఎవడైనా తుపాకీ తల్లకిందులుగా పట్టుకుని పడిపోతే ఫిరంగి పకపకా నవ్వేవాడు. "వాణ్ణి చూడు! చావడానికి వచ్చినవాడికి తుపాకీ పట్టుకోవడం కూడా చేతకాలేదు!" అప్పుడు ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నవ్వు ఆపుకోలేక వెళ్ళిందనుకునేవాడు.

ముసలాయన మాట బుర్రలో దూరాక, ఆ సాయంత్రం ఫిరంగి ఒక పరీక్ష పెట్టాడు.

"ఇది చూశావా, ఈ తుపాకీ నీళ్ళు చిమ్మేది," అన్నాడు.

"ఊఁ," అంది ఆమె.

"దీన్ని కనిపెట్టింది మా తాత."

"ఊఁ. మంచి పని చేశారు."

ఇన్నేళ్ళుగా తను గొంతు చించుకున్నదంతా గోడకి చెప్పినట్టే! సరే, వినడం లేదు. మరి చూస్తున్నదేమిటి? ఆ రోజు నుంచి టీవీ మానేసి పెళ్ళాన్ని చూడడం మొదలుపెట్టాడు. హీరో తెర మీద ఉన్నంతసేపూ ఆమె తలొంచుకుని చొక్కాలకి గుండీలు కుట్టేది. సైనికులు గుంపుగా పరిగెత్తే ఘట్టం రాగానే సూది గాల్లో ఆగిపోయేది. ముందున్నవాళ్ళని కాదు, వెనకాల దుమ్ములో ముఖాలు కూడా సరిగ్గా కనపడనివాళ్ళని చూసేది. పైగా తను ఉదయం ఒకచోట ఆపి వెళ్ళిన సినిమా, సాయంత్రం వచ్చేసరికి ఇంకోచోట ఆగి ఉండేది.

దీనికి ఫిరంగి బుర్రకి తట్టిన అర్థం ఒక్కటే. ఎవడో ఉన్నాడు. హీరో అయితే పోనీలే అనుకోవచ్చు, ఊరందరికీ ఉన్న జబ్బే. ఇది హీరో కాదు. గుంపులో గోవిందా లాంటి ఎవడో తోక నటుడు. పెళ్ళికి ముందు సంగతేమో. తను పక్కన కూర్చుని తుపాకుల చరిత్ర చెబుతుంటే, ఈవిడ వాడి చరిత్ర తలుచుకుంటోందన్నమాట!

ఆమె డ్రై క్లీనింగ్ షాపులో పని చేస్తుంది. బుధవారం ఒంటిపూటే పని. ఆ బుధవారం ఫిరంగి కొత్తగా అద్దెకి తెచ్చిన యుద్ధం సినిమా డిస్కు ఒకటి బల్ల మీద ఎలకకి ఎర పెట్టినట్టు పెట్టి, "ఇవాళ రావడానికి ఆలస్యమవుతుంది" అని రెండుసార్లు చెప్పాడు. మధ్యాహ్నం దుకాణంలో తలనొప్పి అని చెప్పి, పెరటి తలుపు గుండా ఇంట్లోకొచ్చి, ముందు గదిలో ఉన్న చెక్క బీరువాలో దూరాడు.

ఆ బీరువాకి ముందు కాలు ఒకటి విరిగి ఏడాదయింది. దాని కింద ఇటుక పెట్టి, రేపు బాగు చేస్తానని ఆమెకి మాటిస్తూ ఏడాది గడిపిన ఘనుడు కూడా ఫిరంగే.

లోపల చలికోట్లు, కలరా ఉండల వాసన. ముక్కు మూసుకుని, తలుపు సందులోంచి ఒక కన్నుతో చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆమె వచ్చింది. చెప్పులు విడిచింది, తల్లికి మంచినీళ్ళిచ్చింది, సినిమా పెట్టింది. హీరోని, పాటని, ప్రేమని గబగబా ముందుకి తోసేసి, యుద్ధం దగ్గర ఆపింది. తర్వాత కుర్చీ లాక్కుని టీవీకి జానెడు దూరంలో కూర్చుంది.

తెర మీద శవాలున్నాయి. పొలంలో కోసి పడేసిన పంటలా వరసగా సైనికులు పడి ఉన్నారు. ఆమె ఒక్కొక్క ముఖం దగ్గరికీ వంగి చూస్తోంది. షాపులో బట్ట మీద మరక ఎక్కడుందో వెతికేటప్పుడు ఎలా చూస్తుందో అలా. కొంగుతో తెర మీద దుమ్ము తుడిచి మళ్ళీ చూసింది. ఆఖరివాడి దాకా చూసి, కాదన్నట్టు తల ఊపి, కొంచెం ముందుకి జరిపి, మళ్ళీ ఆపింది.

ప్రేమించినవాణ్ణి చూసుకునే ఆడదాని ముఖం అలా ఉండదని ఫిరంగికి కూడా అర్థమైంది. అర్థమైనప్పుడే కలరా ఉండ ఘాటు ముక్కుకెక్కి తుమ్మొచ్చింది.

తుమ్ము అత్తగారికి వినపడలేదు. బీరువా తలుపు ఊగడం మాత్రం కనపడింది.

"పందికొక్కు! బీరువాలో పందికొక్కు దూరిందే!" అని ఆవిడ చేతికర్రతో తలుపు సందులోంచి బలంగా పొడిచింది. కర్ర నేరుగా అల్లుడి పొట్టలో దిగింది. ఫిరంగి "అమ్మో" అని ముందుకి వంగాడు. ఇటుక పక్కకి తప్పుకుంది. బీరువా ఒక్క క్షణం ఆలోచించి, తలుపులు కిందికి వచ్చేలా, మనిషితో సహా, బోర్లా పడింది.

దుమ్ము సర్దుకుంది.

"చచ్చి ఉంటుంది," అంది అత్తగారు తృప్తిగా.

"లోపల ఎవరు?" అంది ఆమె.

"నేనే," అంది బీరువా.

"నేనంటే?"

"నీ మొగుణ్ణి."

"మా ఆయన దుకాణంలో ఉన్నారు. ఆలస్యంగా వస్తానని రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళారు."

"తర్వాత తిడుదువు గాని, ముందు ఇది ఎత్తవే! ఊపిరాడ్డం లేదు."

"మాట ఆడుతోందిగా, ఊపిరీ ఆడుతుందిలెండి." ఆమె ఒక చివర పట్టుకుని ఎత్తబోయింది. అది కదల్లేదు. మేడ మీది ప్లంబర్‌ని కేక వేసింది. చేతిలో పని అవగానే వస్తానని అతను పైనుంచే అరిచాడు.

"అమ్మా, అది పందికొక్కు కాదు. అల్లుడు," అంది తల్లి చెవిలో.

"అల్లుడుగారు పనికెళ్ళారుగా. మరి పందికొక్కేదీ?"

చేసేదేం లేక ఆమె బీరువా వీపు మీదే కూర్చుంది. కొంతసేపటికి కిందనుంచి, చెక్కల మధ్యలోంచి, ఫిరంగి గొంతు చిన్నగా వచ్చింది.

"ఎవరు వాడు?"

"ఎవరు?"

"నువ్వు వెతికేవాడు. శవాల్లో."

ఎదురుగా ముఖం ఉంటే ఆమె ఎప్పటికీ చెప్పేది కాదేమో. చెక్కకి చెప్పడం తేలికనిపించింది.

"మా తమ్ముడు."

తమ్ముడు యుద్ధంలో పోయాడని ఫిరంగికి తెలుసు. అతను వీళ్ళింటికి అల్లుడిగా రాకముందు సంగతి అది. గోడ మీద ఫొటో ఉంది. ఆ ఫొటో గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు కాబట్టి తనూ ఎప్పుడూ అడగలేదు.

"వాడు ఫోన్ చేశాడు," అంది ఆమె. "అక్కా, మా దళం మొత్తాన్ని సినిమా షూటింగ్‌కి పంపారే అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. తుపాకులు చాల్లేదట. ముందున్నవాళ్ళకి అసలువి ఇచ్చి, వెనకున్న వీళ్ళకి చెక్కతో చేసినవి ఇచ్చారట. అవి కూడా అవతలి సైన్యం తుపాకుల్లా ఉన్నాయట. మన బట్టలు, వాళ్ళ తుపాకులు. అరటికాయలా వంకరగా ఏదో వేలాడుతోందక్కా, దాంతో వీపు గోక్కోవచ్చు అన్నాడు. నేను పరిగెత్తుకొచ్చి, పడి, చచ్చిపోతాను, ఎడం పక్కన, తప్పకుండా చూడు అన్నాడు. సినిమా పేరేమిట్రా అంటే, ఇంకా పెట్టలేదట అన్నాడు. ఇంతలో ఎవరో పిలిచారు."

"తర్వాత?"

"తర్వాత నెల తిరక్కుండా నిజం యుద్ధమొచ్చింది. పెట్టెలో పంపించారు. తెరవొద్దన్నారు. అమ్మ మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. అంతే. మళ్ళీ వాణ్ణి చూడలేదు మేము."

ఆమె వంగి చెక్క మీద తట్టింది.

"ఉన్నారా?"

"ఉన్నాను."

"మనకి పరిచయమైన మొదటిరోజే మీరు నాకు యుద్ధం సినిమాల్లో తుపాకుల గురించి చెప్పారు, గుర్తుందా? అప్పుడే అనుకున్నాను, ఈయన్ని చేసుకుంటే ఆ సినిమాలన్నీ ఇంటికే వస్తాయని."

బీరువా లోపలి మనిషికి ఆ మాట కర్రపోటు కంటే గట్టిగా తగిలింది. తన అందం చూసి కాదు, మాటకారితనం చూసి కాదు. "నాకు ఒక్క మాట చెప్పి ఉంటే నేనూ వెతికేవాణ్ణి కదే," అన్నాడు.

"ఎలా చెప్పను? వాడు కనపడితే, వాడి చేతిలో తుపాకీ చూసి మీరేమంటారోనని."

తను ఏమనేవాడో ఫిరంగికి బాగా తెలుసు. అన్నాడు కూడా, ఎన్నోసార్లు, ఎవరెవరినో చూసి.

కిందనుంచి మళ్ళీ గొంతు వచ్చింది. ఈసారి అందులో వేరే భయం ఉంది.

"ఏమన్నావు? మన బట్టలు, వాళ్ళ తుపాకులా? తూటాలు పెట్టే మ్యాగజైను వంకరా?"

"వంకరగా ఉందన్నాడు."

"ఆ సినిమా నాకు తెలుసు."

ఆమె బీరువా మీంచి లేచింది. "తెలుసా?"

"నీకూ తెలుసు. మనం వెళ్ళాం. పెళ్ళయిన కొత్తలో. మార్కెట్ వెనకాల చిన్న హాల్లో."

"ఆ సినిమానా?" అంది ఆమె. "మీరు కుర్చీ ఎక్కి అరిస్తే, ఆపరేటర్ వచ్చి మనల్ని మధ్యలో గెంటేసిన సినిమానా?"

"మన సైనికుడి చేతిలో శత్రువు తుపాకీయా, సిగ్గులేదా అని అరిచాను. అప్పుడే వెనక వరుస పరిగెత్తుకుంటూ వస్తోంది."

"నేను సిగ్గుతో తల దించుకుని ఉన్నాను," అంది ఆమె. "మీరెందుకు అరుస్తున్నారో కూడా వినలేదు."

అప్పుడే ప్లంబర్ దిగొచ్చాడు. బీరువాని, దాని మీద కర్రతో కొడుతున్న ముసలావిడని, పక్కన నిలబడ్డ ఆమెని చూసి, "ఎత్తమంటారా అమ్మా?" అన్నాడు.

"కాసేపాగండి," అంది ఆమె. "ముందు టీ తాగుదురు గాని."

ప్లంబర్ టీ తాగాడు. రెండో కప్పు కూడా తాగాడు. లోపలి మనిషి ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

మర్నాటి నుంచి ఫిరంగి ఊళ్ళో ఉన్న డిస్కుల దుకాణాలన్నీ తిరిగాడు. ఆ సినిమా పేరు చెబితే కొందరు నవ్వారు. అది ఆడింది వారం కూడా కాదు. డిస్కులు వెయ్యలేదు, టీవీలో రాలేదు. ఒకాయన మాత్రం, ఆ చిన్న హాలు ఆపరేటర్ ఆడని సినిమాలన్నీ దాచిపెట్టుకుంటాడని చెప్పాడు.

ఆపరేటర్ ఫిరంగిని చూడగానే గుర్తుపట్టాడు. "నీ ముఖం మర్చిపోతానా? నువ్వెక్కిన కుర్చీ ఇప్పటికీ కిర్రుమంటూనే ఉంది. ఏం కావాలి?"

"ఆ సినిమా ఒక్కసారి వెయ్యాలి."

"దేనికి? మిగతా సగం తిట్టడానికా?"

కారణం ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో ఆమె గట్టిగా చెప్పింది. తల్లికి కూడా తెలియకూడదు. కనపడకపోతే ఆవిడ రెండోసారి కూడా పోగొట్టుకున్నట్టవుతుంది. అందుకని ఫిరంగి చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ఆపరేటర్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఈ మనిషి ఇంతసేపు మాట్లాడకుండా ఉండడమే అతనికి వింతగా తోచింది.

"సరే. ఆదివారం పొద్దున, మొదటి ఆట ముందు వేస్తాను. ఒక్క షరతు. నీ నోట్లోంచి ఒక్క మాట వచ్చినా సినిమా ఆపేస్తాను. నిన్ను మెడ పట్టి గెంటేస్తాను."

"అలాగే."

ఆదివారం లోపల ఫిరంగి ఇంకొక పని చేశాడు. అత్తగారి కళ్ళజోడు పాతబడి చాలాకాలమైంది. దుకాణానికి వచ్చే ఊరందరి కళ్ళూ చూసే మనిషికి, ఇంట్లో ఉన్న రెండు కళ్ళకి తీరిక దొరకలేదు. శనివారం ఆవిణ్ణి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, అద్దం తర్వాత అద్దం మార్చి, ఆవిడ విసుక్కునే దాకా చూశాడు.

"ఇప్పుడెలా ఉంది అత్తయ్యా?"

"మీరు నల్లగా ఉంటారనుకోలేదు అల్లుడుగారూ," అంది ఆవిడ.

ఖాళీ హాల్లో ముగ్గురూ కూర్చున్నారు. ఎడం వైపు అత్తగారు, మధ్యలో ఆమె, కుడివైపు నోట్లో చేతిరుమాలు కుక్కుకుని ఫిరంగి. కుటుంబ కథ అని చెప్పి తీసుకొచ్చారు ఆవిణ్ణి.

దీపాలారాయి. ఫిరంగి ఇన్నేళ్ళ జీవితంలో అంత ఘోరమైన సినిమా చూడలేదు. మొదటి ఘట్టంలోనే సేనాపతి తుపాకీ గొట్టం తన వైపు తిప్పుకుని గురి చూశాడు. రెండో ఘట్టంలో హీరో తూటాలు నింపకుండా ఒక కొండ మొత్తం ఖాళీ చేశాడు. ఒకడు పేల్చిన చప్పుడు వచ్చిన తర్వాత మీట నొక్కాడు. ఫిరంగి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. రుమాలు సగం దాకా లోపలికి పోయింది. ఆమె పక్కకి చూడలేదు. చేతులు ఒళ్ళో బిగించి పెట్టుకుని, తెర మీద వెనక వరుసలే చూస్తూ కూర్చుంది.

అప్పుడు పెద్ద యుద్ధం మొదలైంది. పొగ లేచింది. ముందు వరుస పరిగెత్తింది, పడింది. దుమ్ములోంచి వెనక వరుస వచ్చింది. ముఖాలకి మసి, తలలకి టోపీలు. అందరూ ఒకేలా ఉన్నారు. ఆమె చూపు ఒకరి మీంచి ఒకరి మీదకి పరిగెడుతోంది, అందుకోలేకపోతోంది.

ఫిరంగి ముఖాలు చూడలేదు. అతనికి ముఖాలు చూడడం రాదు. చేతులు చూశాడు. ఎడం పక్కన వంకర మ్యాగజైన్, పెయింటు కింద చెక్క, పట్టీ తప్పు వైపు. దాన్ని పట్టుకుని ఒక కుర్రాడు అందరికంటే ముందు, కుందేలులా ఎగురుతూ వస్తున్నాడు. ఫిరంగి మోచేత్తో ఆమెని ఒక్క పోటు పొడిచి, వేలు చాపాడు.

కుర్రాడు రెండు చేతులూ పైకెత్తి, కావలసిన దానికంటే పెద్దగా తుళ్ళిపడి, తెర ముందుకొచ్చి కూలాడు. అతని పక్కనే హీరో మోకాళ్ళ మీద కూర్చుని దేశం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అది చాలా పొడుగు ప్రసంగం.

ప్రసంగం మధ్యలో శవం కదిలింది. తనని ఎవరూ చూడడం లేదనుకున్నాడేమో, కుర్రాడు తల కొంచెం ఎత్తి, చెంప కింద ఉన్న రాయి తీసి పక్కన పడేసి, మోచెయ్యి మడిచి దాని మీద చెంప ఆనించుకుని, సుఖంగా మళ్ళీ చచ్చిపోయాడు.

"ఎప్పుడూ అంతే వీడు!" అని అత్తగారు హాలు మారుమోగేలా అంది. "ఒక్కచోట కుదురుగా పడుకుంటాడా?"

తెర మీది బొమ్మ టక్కున ఆగిపోయింది. పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. "ఎవరది మాట్లాడింది?" అంటూ ఆపరేటర్ మెట్లు దిగి వచ్చాడు.

అత్తగారికి ఆ ప్రశ్న వినపడలేదు. ఆవిడ అప్పటికే లేచి, కుర్చీలు పట్టుకుంటూ తెర దగ్గరికి నడుస్తోంది. తల్లి వెనకాలే ఆమె కూడా వెళ్ళింది. తెర మీద ఆ ముఖం, కళ్ళు మూసుకుని, పెదవి చివర ఇంకా నవ్వు దాచుకుంటూ, ఇద్దరు ఆడవాళ్ళ కంటే పెద్దగా నిలిచి ఉంది.

"ఎవరు మాట్లాడింది?" అన్నాడు ఆపరేటర్ మళ్ళీ.

ఫిరంగి నోట్లోంచి రుమాలు తీశాడు. "నేనే," అన్నాడు.

"నీ గొంతు అలా ఉండదే!"

"రుమాలు ఉంది కదా. నేనే. పద, గెంటు." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "బొమ్మ మాత్రం తియ్యకయ్యా. కాసేపు అలాగే ఉంచు."

ఆపరేటర్ అప్పుడు తెర వైపు చూశాడు. ముసలావిడ చెయ్యి ఎత్తి, ఆ చెంప కింద, రాయి తీసేసిన చోట తడుముతోంది. అతను ఫిరంగిని తలుపు బయట వదిలి, పైకి వెళ్ళిపోయాడు.

ఒకే సినిమా నుంచి రెండుసార్లు గెంటించుకున్న మనిషి లోకంలో ఇంకొకడు ఉండడేమో అనుకుంటూ ఫిరంగి హాలు మెట్ల మీద కూర్చున్నాడు. లోపల తుపాకులు పేలాయి. హీరో దేశం గురించి చెప్పాడు. ఆగింది. మళ్ళీ తుపాకులు పేలాయి. మళ్ళీ దేశం. మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళు అతన్ని వింతగా చూసుకుంటూ వెళ్తున్నారు. మొదటి ఆటకి జనం వచ్చి నిలబడేదాకా ఆ ఒక్క ఘట్టమే నడుస్తూ ఉంది.

తల్లి చెయ్యి పట్టుకుని ఆమె బయటికొచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది. మెట్టు మీద అతని పక్కన కూర్చుంది.

"తుపాకీ తప్పేనండీ," అంది.

"ఊఁ," అన్నాడు ఫిరంగి.

"చెక్కది కదా. బరువు లేదు. అందుకే అంత హాయిగా పరిగెత్తాడు."

ఆ తర్వాత నెలలో అదే కుర్రాడి చేతికిచ్చిన తుపాకీ ఏదో ఫిరంగికి తెలుసు. తూటాలతో కలిపి అదెంత బరువుంటుందో, తడిస్తే ఎక్కడ పట్టేస్తుందో, పరిగెత్తేవాడి భుజాన్ని ఎలా లాగుతుందో అన్నీ తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

అత్తగారు కొత్త కళ్ళజోడు సర్దుకుని, వరుసలో నిలబడ్డ జనమంతా తిరిగి చూసేలా అడిగింది. "అవును గాని అల్లుడుగారూ, మావాడి తుపాకీ సరిగ్గా ఉందా?"

ఫిరంగి లేచి నిలబడ్డాడు. ఆ జనంలో అతన్ని ఎరిగినవాళ్ళు నలుగురైదుగురున్నారు. వాళ్ళు నవ్వుకోవడానికి సిద్ధమవుతున్నారు.

"సరిగ్గా ఉందత్తయ్యా," అన్నాడు అందరికీ వినపడేలా. "మొత్తం సినిమాలో అదొక్కటే సరిగ్గా ఉంది."

"ఆఁ?" అంది అత్తగారు.

అతను ఇంకా గట్టిగా, ఆవిడ చెవి దగ్గరికి వంగి, మళ్ళీ చెప్పాడు.